అమెరికా తెరిచేదాకా

వరండా ఊడుస్తుండగా అజమత్ గొంతు సవరించుకోవడం వినిపించింది. అంటే పేపరు వచ్చింది. శాంతవ్వ చీపురు చప్పుడు తగ్గించింది.

తాండూరులోని ఆ ప్రభుత్వ కార్యాలయంలో ఆమె స్వీపరు, అతను రాత్రి వాచ్‌మన్. ఇద్దరిదీ కాంట్రాక్టు కొలువే. అధికారులు పదిన్నరకు గానీ రారు. యాలాల్ నుంచి మొదటి ఆటోలో ఆమె ఏడింటికే దిగుతుంది. ఆమె ఊడుస్తుంటే అతను రాత్రి గస్తీ చేతికర్ర పక్కన పెట్టి, మెట్ల మీద కూర్చుని ఆఫీసు పేపరు పైకి చదువుతాడు. పదకొండేళ్లుగా ఇదే. చదువు రాని శాంతవ్వకు ఢిల్లీ, హైదరాబాద్ సంగతులన్నీ అలా ముక్కలుగానే తెలుసు. ఏ బిల్లు ఎక్కడ ఆగిందో, ఎవరు సంతకం పెట్టలేదో, ఎవరు సభలోంచి లేచిపోయారో.

అజమత్ పొడుగు మనిషి. అరవై దాటాక నడుం ముందుకు వంగింది. గోరింటాకు పెట్టిన గడ్డం మొదళ్లలో తెల్లగా ఉంటుంది. కళ్లద్దాల కాడ ఒకటి విరిగితే దారంతో కట్టుకున్నాడు.

"అమెరికల సర్కారు ఇంకా బందే," అన్నాడు. "నెల దాటింది. బడ్జెట్ కాడ రెండు పార్టీలకు పొసుగుతలేదు."

"ఆఫీసులు బందైతే ఊడ్చేదెవరు భాయ్?"

అజమత్ పేపరును పైనుంచి కిందిదాకా వెతికాడు. "గది రాయలే. కొందరు జీతం లేకుండనే డ్యూటీకి వస్తున్నరంట."

"గట్లొచ్చి ఏం తింటరు?"

"ఏమో."

ఒకప్పుడు శాంతవ్వ పెనిమిటికీ అతని అన్నకూ పొత్తుల బోరు ఉండేది. మోటారు కాలితే, బాగు చేయించేది నువ్వంటే నువ్వని ఇద్దరూ పంతానికి పోయారు. పదిహేను రోజులు ఎవరూ తగ్గలేదు. పొట్ట మీదున్న వరి ఎండిపోయింది. ఆ యేడే పెనిమిటి నాపరాయి గనిలో పనికి చేరాడు. మూడేళ్లకు రాయి కింద పడి చనిపోయాడు. పిల్లలు లేరు. సర్కార్ల కొట్లాట ఏది విన్నా ఆమెకు ముందు ఆ మడే కనబడుతుంది. అన్నదమ్ములు చెరో గట్టు మీద నిలబడి ఉంటారు, మధ్యలో పచ్చటి పైరు పసుపుకు తిరుగుతుంటుంది.

సాయంత్రం తన గదిలో మాట్లాడటానికి ఎవరూ ఉండరు. పొద్దున విన్న వార్తనే జొన్నరొట్టె చరుస్తూ, పక్క పరుస్తూ, తిప్పి తిప్పి తలచుకుంటుంది.

ఆ రోజు అజమత్ ఎన్నడూ చదవని పేజీలు కూడా చదివాడు. కంది ధర చదివాడు. ఎవరో పోగొట్టుకున్న సర్టిఫికెట్ ప్రకటన చదివాడు. పేపరు మడిచి అధికారి బల్ల మీద పెట్టి, "మరి పోత," అన్నాడు.

పదిన్నర దాటాక గుమస్తా పద్మారాణి వచ్చింది. సంచీ కుర్చీకి తగిలిస్తూ అడిగింది.

"అజమత్ చెప్పిండా శాంతవ్వా? ఆయనది నిన్న రాత్రితోనే ఖతం. వాచ్‌మన్ పోస్టుకు పైనుంచి మంజూరు రాలే. కెమెరాలు పెడ్తరంట. వారం కిందనే కాయితం ఇచ్చినం."

రోజూ అతను 'వస్త' అనేవాడు, 'పోత' అనేవాడు కాదు. శాంతవ్వకు అప్పుడు తట్టింది.

"ఏడికి పోతడమ్మా?"

"వికారాబాద్‌ల తమ్ముడున్నడు గద. పదకొండున్నర ప్యాసింజర్‌కు పోతనన్నడు."

శాంతవ్వ బకెట్ అక్కడే వదిలేసి స్టేషన్‌కు నడిచింది. ఎండ చురుక్కుమంటోంది. రోడ్డు మీద లారీలు లేపిన నాపరాయి దుమ్ము పెదవులకు అంటుకుంది.

ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద అజమత్ కాళ్ల మధ్య సంచీ పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె ఆ బెంచీకి ఇవతలి కొసన కూర్చుంది. పదకొండేళ్లలో వాళ్లు ఎన్నడూ పక్కపక్కన కూర్చోలేదు.

"ఎందుకు చెప్పలే భాయ్?"

"చెప్తే పరేషాన్ అయితవని."

అతనే మళ్లీ అన్నాడు. "కొలువుల ఉంచేటోళ్ల లిస్టు చూసిన. నీ పేరున్నది. నీకేం ఫికర్ లేదు."

శాంతవ్వ పగుళ్లిచ్చిన తన వేళ్లను చూసుకుంది. బండి వస్తున్నట్టు మైకులో చెప్పారు.

"అమెరికల తెరుస్తరంటవా?"

"తెరుస్తరు. ఎన్నొద్దులని మూసుకొని ఉంటరు?"

"తెరిచినంక నాకెవరు చెప్తరు?"

అజమత్ కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. బండి వచ్చి ఆగింది. "పైలం శాంతవ్వా," అని సంచీ ఎత్తుకుని ఎక్కాడు. అతనికి అవతలి పక్క సీటు దొరికినట్టుంది. ఏ కిటికీలోనూ కనబడలేదు. బండి కదిలి, మలుపు దగ్గర చిన్నదై, పోయింది.

శాంతవ్వ లేవబోతూ వెనక్కి చూసింది. బెంచీ వెనక గోడకు అజమత్ చేతికర్ర ఆనించి ఉంది. అది ఆఫీసుదో అతనిదో ఆమెకు తెలియదు. పట్టుకునే చోట నల్లగా, నున్నగా ఉంది. కొనకున్న ఇనుప పొన్ను ఒక పక్కకు అరిగి అరిగి కాగితమంత పలచబడింది.