వినపడినంత దూరం

పోనీ, పాట గట్టిగానే మోగిందనుకుందాం. మోగితే కారు అద్దం అదరాలి కదా? అద్దానికి మోచెయ్యి ఆనించుకునే కూర్చున్నాడు తను. అదరలేదు. లేక అదిరిందా? మీసాలు రాకముందు నుంచీ పొట్టమీద పెద్ద డ్రమ్ము మోస్తున్నవాడికి అద్దం అదురు ఒక అదురా? ఏనుగు మీద దోమ వాలినట్టు. కాదు, అదరలేదు. ఆ ముక్కే చెప్పాలి. అద్దం దగ్గరే మొదలుపెట్టాలి.

ట్రాఫిక్ కోర్టులో బెంచీ చివర, గోడవారగా కూర్చుని నూమా డువెర్నే తనలో తాను ఇలా వాదించుకుంటున్నాడు. ఈమధ్య ఎక్కడికెళ్లినా కుడిచెవి గోడవైపు ఉండేలా కూర్చోబుద్ధవుతోంది అతనికి. ఎందుకని తనను తాను ఎప్పుడూ అడగలేదు.

కారులో పాట గట్టిగా పెట్టినందుకు వేసిన చలానా కట్టేస్తే పోయేది. "కట్టి పారెయ్ బాబాయ్, దీనికి కోర్టెందుకు?" అన్నాడు టెరెల్, అన్న కొడుకు. నూమా వాయించే బ్యాండుకు పెద్ద వాడే, బాకా ఊదేదీ వాడే. వాడికేం తెలుసు? కట్టడమంటే ఒప్పుకోవడం. పాట వీధి దద్దరిల్లేలా మోగిందని ఒప్పుకుంటే, మరి అదే పాట కారులో ఉన్న తనకు మామూలుగా ఎందుకు వినిపించిందన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న దాకా వచ్చి వెనక్కి తిరిగేవాడు నూమా, కరిచే కుక్క ఉన్న సందు మొదట్లోంచి తిరిగినట్టు. గట్టిగా లేదని జడ్జి అంటే చాలు. ఆ మాట మీద తన చెవులు నిశ్చింతగా ఇంకొన్నాళ్లు బతుకుతాయి.

పక్కన ఆల్టన్ కదిలాడు. బ్యాండులో చిన్న డ్రమ్ము వాయించేది ఆల్టనే. ఈరోజు నూమా తరఫు సాక్షి.

"ఒరేయ్, నా టై సరిగ్గా ఉందా?"

ముందు వరసలో ఇద్దరు ఉలిక్కిపడి వెనక్కి చూశారు. బల్ల దగ్గరి గుమస్తా కలం ఆపింది.

"అరవకురా" అన్నాడు నూమా, వాళ్ల ముఖాలు చూసి.

"అరిచానా? గుసగుసలాడాను కదరా!"

వెనక బెంచీలో టెరెల్ తల వంచుకుని నవ్వుతున్నాడు. అందరూ నవ్వాక నూమా కూడా నవ్వాడు. ఒక క్షణం ఆలస్యమైంది. ఆ ఆలస్యం తనకే తెలిసింది, మరెవరికీ తెలియలేదనుకున్నాడు.

ఆలస్యం. క్లబ్బులో వండి పెట్టే మిస్ ఓడిల్ అంత్యక్రియల్లో జరిగిందీ అదే. సమాధుల దాకా నెమ్మది పాట, అడుగు అడుగునా ఒక దెబ్బ. శవాన్ని వదిలేచోట బాకా రెండు స్వరాలు పైకి పలుకుతుంది. ఆ పిలుపు రాగానే పెద్ద డ్రమ్ము నడక మార్చాలి, అక్కణ్ణుంచి ఇక పోయినవాళ్లను సంతోషంగా సాగనంపే గొడుగులు, చేతిరుమాళ్లు, చిందులు. టెరెల్ పిలిచాడు. జనం తిరిగారు. గొడుగులు లేచాయి. నూమా మాత్రం సమాధి వైపే చూస్తూ ఆ నెమ్మది దెబ్బే కొడుతూ పోయాడు, ఒంటరిగా. ఆల్టన్ మోచేత్తో పొడిచాక గాని ఆగలేదు.

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "పాపం, నూమా ఆవిణ్ణి వదల్లేకపోయాడు" అన్నారు. ఆ మాట ట్రెమే పేటంతా పాకిపోయింది. ఆడవాళ్లు వచ్చి బుగ్గలు నిమిరారు. మిస్ ఓడిల్ కూతురు మెడ పట్టుకుని ఏడ్చింది: "అమ్మంటే నీకింత ప్రేమని మాకు తెలీదు నూమా!" నూమాకూ తెలీదు. క్లబ్బులో సోమవారం ఎర్ర బీన్సూ అన్నం రెండోసారి పెట్టమంటే, "పొట్ట డ్రమ్ముకన్నా పెద్దదైతే మోతెక్కడిదిరా?" అని గరిటె వెనక్కి లాక్కున్న మనిషి ఆవిడ. అయినా ఆ కౌగిలింతలన్నీ తీసుకున్నాడు. తనది కాని దుఃఖానికి దక్కిన ఓదార్పు, కొలత తప్పిన కోటులా, భుజాల దగ్గర పట్టేస్తూ ఒంటిమీద ఉండిపోయింది. టెరెల్ ఒక్కడే దగ్గరికి రాలేదు. దూరం నుంచి చూశాడు. తర్వాత, "బాబాయ్, ఒకసారి చెవుల డాక్టరుకు చూపిద్దామా?" అన్నాడు. "నీ పిలుపు నీరసంగా ఉంది, దాన్ని చూపించు" అన్నాడు నూమా.

నీరసంగా ఉందో లేదో తేల్చుకోవాలనే, చలానా పడిన రోజు క్లెయిబోర్న్ వంతెన కింద కారాపి, ఎవరో ఫోనులో పట్టిన ఆ ఊరేగింపు మోతను పెట్టుకుని విన్నాడు. తన డ్రమ్ము వినిపించింది. జనం అడుగులు వినిపించాయి. బాకా పిలుపు లేదు. ఇంకొంచెం పెంచాడు. లేదు. వెనక్కి తిప్పి, ఇంకా పెంచాడు. మనుషులు తిరిగిన చప్పుడుంది, తిప్పిన పిలుపు లేదు. ఫోను సరిగ్గా పట్టలేదని నిర్ణయించుకునేసరికి కారు ముందు పోలీసు నిలబడి ఉన్నాడు.

గుమస్తా లేచి ఏదో చదివింది. ఆల్టన్ కదల్లేదు, నూమా కదల్లేదు. టెరెల్ ముందుకు వంగి భుజం తట్టాడు.

"బాబాయ్, నిన్నే."

"తెలుసు, లేస్తున్నా" అన్నాడు నూమా.

జడ్జి కళ్లజోడు పెట్టుకున్న నడివయసు మనిషి. మాట మెల్లన. కాగితాల్లోకి చూస్తూ మాట్లాడితే ఆ మాట కాగితాల్లోకే ఇంకిపోతోంది. పోలీసు ట్రాన్ కుర్రవాడు, నూమా పక్కనే నిలబడి ఒక్కో మాటా స్పష్టంగా పలికాడు.

"అవెన్యూ అవతల నిలబడ్డా వినిపించింది మేడమ్. పక్కనే చిన్నపిల్లల బడి. పిల్లలు పడుకునే వేళని టీచరమ్మే వచ్చి చెప్పింది."

జడ్జి తలెత్తింది. "ఏం పాట?"

"అంత్యక్రియల పాట మేడమ్. ఒకే ముక్క మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి పెడుతున్నారు." ట్రాన్ నూమా వైపు ఇబ్బందిగా చూశాడు. "వెనకనుంచి వెళ్లి వెనక అద్దం మీద కొట్టాను. ఎవరూ తిరగలేదు. ఇంకా గట్టిగా కొట్టాను. పెద్దాయన ఏడుస్తున్నారేమో అనుకుని కాసేపు ఊరుకున్నాను. చలానా రాయబుద్ధి కాలేదు. టీచరమ్మ అక్కడే నిలబడింది, ఏం చెయ్యను?"

అద్దం మీద కొట్టాడా? నూమాకు ఈ సంగతి కొత్త. పోలీసు నేరుగా ముందుకొచ్చి నిలబడ్డాడనే అనుకున్నాడు ఇన్నాళ్లూ. ఇతను కూడా! ఇతను కూడా తనకు ఒక దుఃఖాన్ని దానం చేశాడు.

"మీరేమంటారు డువెర్నే గారూ?" జడ్జి ఇటే చూస్తూ అడిగింది.

పొద్దుటినుంచీ సిద్ధం చేసుకున్న వాదనంతా అందులోనే ఉన్నట్టు, "అద్దం అదరలేదు తల్లీ" అన్నాడు నూమా. ఎవరో కిసుక్కున నవ్వారు. "నా పక్క సీట్లో ఆల్టన్ ఉన్నాడు. రొయ్యల శాండ్‌విచ్ తింటున్నాడు. వాణ్ణి అడగండి."

ఆల్టన్ టై సర్దుకుని ముందుకొచ్చాడు. జడ్జి తల వంచి ఏదో రాసుకుంటూ ఏదో అడిగింది. ఆల్టన్ నూమా వైపు తిరిగాడు.

"ఏమంటోందిరా?"

నూమాకూ తెలీదు. "నిజం చెప్పమంటోంది" అన్నాడు.

"నిజమే చెప్తానమ్మా!" గది పైకప్పు ఎగిరిపోయేలా అన్నాడు ఆల్టన్. "అసలు గట్టిగా లేదు! నేను పక్కనే ఉన్నాను కదా! దోమ పాడినట్టుంది! నేనూ వీడూ హాయిగా కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నాం, ఇదిగో, ఇలాగే!"

గది ఘొల్లుమంది. గుమస్తా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ట్రాన్ పైకప్పు వైపు చూస్తూ పెదవి కొరుక్కున్నాడు. జడ్జి కూడా కళ్లజోడు తీసి తుడుచుకుంటోంది.

నూమా నవ్వలేదు. ఆల్టన్ మెడ చూస్తున్నాడు. నరాలు తాళ్లలా ఉబ్బి ఉన్నాయి. తన పక్కన ఇన్నేళ్లు నడిచిన మనిషి, హాయిగా కబుర్లు చెప్పడానికి ఇంత కష్టపడుతున్నాడని ఇప్పుడే కనిపించింది. ఆ గొంతు తనకు మాత్రం హాయిగానే ఉంది. మామూలు గొంతు. గదిలో ఇంతమంది నవ్వుతున్నారంటే అది మామూలు గొంతు కాదన్నమాట. ప్రపంచంలో మామూలంటే ఏమిటో ఎవరో మార్చేశారు. తమ ఇద్దరికీ చెప్పలేదు. లేక చెప్పారేమో, ఏ బాకాతోనో.

జడ్జి ట్రాన్‌ను రెండు ప్రశ్నలు అడిగింది. ట్రాన్ తల అడ్డంగా ఊపాడు: "లేదు మేడమ్, దూరం కొలవలేదు. అంచనాగా చెప్పాను." ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, తల వంచి, రాస్తూ మాట్లాడింది. చాలాసేపే మాట్లాడింది. నూమాకు ఆవిడ పాపిడి కనిపించింది. కలం కనిపించింది. ఏసీ మోత వినిపించింది, లోతుగా, నిండుగా, తన డ్రమ్ములాగా.

తర్వాత ట్రాన్ భుజాలు వదులయ్యాయి. నూమాకు తల వంచి నవ్వాడు. గుమస్తా మరో కాగితం అందుకుంది. ఆల్టన్ వీపు మీద చరిచాడు. గెలిచానని అర్థమైంది నూమాకు. మనుషుల ముఖాలు చూసి, చేతులు చూసి, కూడికలు చేసుకుని తెలుసుకున్నాడు. ఏళ్లుగా ఇలాగే తెలుసుకుంటున్నాడు అన్నిటినీ. ఈ నేర్పుకు పేరు లేదు. పేరు లేదు కాబట్టి దీన్ని వినడమే అనుకుంటూ వచ్చాడు.

ఇప్పుడు తలుపు దాకా నడిస్తే చాలు. జడ్జి తీర్పు ఇచ్చింది. పాట గట్టిగా లేదని అని ఉంటుంది. లేక కొలవలేదని మాత్రమే అందేమో. బహుశా గట్టిగా ఉందనీ, కొలవలేదు కాబట్టి వదిలేస్తున్నాననీ అందేమో. ఈ మూడింటిలో ఏదో తేలకుండానే ఆదివారం డ్రమ్ము ఎత్తుకోవచ్చు. టెరెల్ పిలుస్తాడు. ఆల్టన్ పొడుస్తాడు. ఆల్టన్‌ను ఎవరు పొడుస్తారు? మళ్లీ ఏదో ఒక సమాధి దగ్గర తను ఒంటరిగా మిగిలిపోతే, మళ్లీ ఎవరో కౌగిలించుకుంటారు. చెవుల సంగతి తెలిస్తే టెరెల్ డ్రమ్ము వేరేవాడికి ఇస్తాడు. ఇవ్వడా? ఇస్తాడు. ఇవ్వాలి కూడా.

టెరెల్ లేచి వచ్చాడు, నవ్వుతూ. "పద బాబాయ్. సోమవారం కదా, బీన్సు తిందాం. చూశావా, ఆవిడ ఏమందో?"

నూమా నోట్లో జవాబు తయారుగా ఉంది. ఆ, మంచి మనిషి, అనాలి. ఏ మాటకైనా అతికే మాట అది, ఎన్నోసార్లు వాడిందే.

దాన్ని మింగేశాడు. టెరెల్ చొక్కా చెయ్యి పట్టుకుని, అందరూ చూస్తుండగానే, ఎడమచెవిని వాడి నోటి దగ్గరికి వంచాడు.

"వినపడలేదురా నాకు. ఏమందో చెప్పు."