బెంగాలీ అక్షరాల చీటీ

మా తమ్ముడు ఇవాన్‌కి పదహారేళ్లు. తెలుగులో వాడు చదవగల అక్షరాలు మూడు. అవి వాడి పేరులో ఉన్నవే. మూడోదాని మీద నాకు ఇప్పటికీ అనుమానమే.

అయినా హౌరా పక్కన లిలువాలోని మా తెలుగు చర్చిలో బైబిల్ వాక్యం చదవడంలో వాణ్ని మించినవాడు లేడని పేరు. కారణం నేను. వాడి వంతు వచ్చినప్పుడల్లా తెలుగు వాక్యాన్ని బెంగాలీ అక్షరాల్లో చీటీ మీద రాసి, పుస్తకం మధ్యలో పెట్టి ఇస్తాను. తొమ్మిదేళ్లుగా ఇదే పని. ఆ చీటీలన్నీ అతికిస్తే ఇక్కణ్నుంచి హౌరా స్టేషన్ దాకా పరచవచ్చు. తిరుగు ప్రయాణానికీ మిగులుతాయి.

ఇప్పుడు నాకు నర్సింగ్‌లో సీటొచ్చింది. సోమవారం హాస్టల్‌కి వెళ్లిపోతున్నాను. మా నాన్నమ్మ విజయ కుమారికి చూపు ఆనదు. రోజూ సాయంత్రం ఆమెకు వాక్యం చదివేది నేనే. ఇక ఇవాన్ చదవాలి.

"ఫోన్ సదివి పెడతాది కదా, దీదీ," అన్నాడు వాడు.

"ఆ ఫోను గొంతు నాకొద్దురా. దానికి దగ్గయినా రాదు," అంది నాన్నమ్మ.

వాడికి నేర్పడానికి నేను చేయని పని లేదు. వంటింటి డబ్బాల మీది బెంగాలీ పేర్లు పీకేసి తెలుగులో అంటించాను. ఉప్పుకీ పంచదారకీ ఒకే రకం డబ్బాలు. వాడు మూడు రోజులు ఉప్పు టీ తాగాడు. నాలుగో రోజు అక్షరాలు పట్టుకుంటాడనుకున్నాను. టీ మానేశాడు.

శనివారం వచ్చి చెయ్యి చాపాడు.

"దీదీ, రేపు నా వంతు. చీటీ."

"నువ్వే సదువుకో."

"ధుత్! ఒక్క రోజుకి ఏటవుద్ది?"

"తొమ్మిదేళ్ల నుంచి ఒక్క రోజేరా నీకు!"

ఒళ్లు మండింది. రాసిచ్చాను. మొదటి రెండు వచనాలూ సరిగ్గానే రాశాను. మూడోదాని చోట 'ఇక్కణ్నుంచి నువ్వే చదువు' అని రాశాను.

ఆదివారం వాడు రెండు వచనాలూ గంభీరంగా చదివాడు. అదే గాంభీర్యంతో, "ఇక్కణ్నుంచి నువ్వే చదువు," అని కూడా చదివేశాడు. వాడి మొహం పాలిపోయింది. నేను తలొంచుకుని, న్యాయం జరగడం కోసం భక్తిగా ఎదురుచూశాను.

ముందు వరసలోంచి జీవానందం తాతగారు లేచారు. మా చర్చిలో చిన్నవాళ్లు కొంత చదివితే పెద్దవాళ్లు అందుకోవడం అలవాటే. పిలిచిన పద్ధతే కొత్త. ఆయన కళ్లజోడు సర్దుకుని మిగతా ఎనిమిది వచనాలూ చదివేశారు.

బయటికొచ్చాక ఇవాన్ భుజం తట్టారు. "నన్ను 'నువ్వు' అన్నావు గానీ, పెద్దోడికి అవకాశం ఇచ్చినావు. మంచి గుంటడివిరా."

అమ్మ సంతోషంతో కళ్లు తుడుచుకుంది. నేను తల కొట్టుకుందామని గోడ దగ్గరికి వెళ్లాను. అప్పుడే సున్నం వేశారు. అదీ కుదర్లేదు.

సాయంత్రం నేను పెట్టె సర్దుకుంటుంటే నాన్నమ్మ పిలిచింది.

"ఇవాన్, ఇలా రా. పొద్దున జీవానందం అందుకున్న కాడి నుంచి సదువు."

వాడు నా వైపు చూశాడు.

"దాని కేసి సూడకు. అది తప్పు రాసిన కాడల్లా నువ్వూ తప్పే సదివినావు. తొమ్మిదేళ్లుగా ఇంటన్నాను."

వాడు కూర్చున్నాడు. మొదటి అక్షరం మీద వేలు పెట్టాడు. "దీదీ, ఇదేటి?"

చెబితే రెండు సెకన్లు. మాట నాలుక మీదికి వచ్చేసింది. "నాకు తెల్దు," అన్నాను. ఒకే చున్నీని ఏడుసార్లు మడతపెట్టాను.

వాడు నన్ను బెంగాలీలో తిట్టుకుంటూ వంటింట్లోకి వెళ్లి రెండు డబ్బాలు తెచ్చాడు. ఒకదాంట్లో వేలు ముంచి నాకాడు. మొహం వికారంగా పెట్టాడు.

"ఇది ఉప్పు. అయితే మొదటిది 'ఉ'."

రెండోదీ నాకాడు. "పంచదార. దీని మీద మూడో అక్షరం పుస్తకంలోదాని లాగే ఉంది, తోక తప్ప." పుస్తకం మీద వేలు జరిపాడు. "ఉ... ద..."

పావుగంటకి రెండక్షరాలు. ఈ లెక్కన ఆ పేజీ అయ్యేసరికి నేను నర్సుగా రిటైరైపోతాను.

"తర్వాతేటి?" అంది నాన్నమ్మ.

వాడు మూడో అక్షరాన్ని ఒకసారి చూసి, లేచి యాలకుల డబ్బా కోసం వెళ్లాడు. ఆ రోజు మా ఇంట్లో వంట ఆలస్యమైంది. డబ్బాలన్నీ నాన్నమ్మ మంచం మీదే ఉన్నాయి.