బడాఖానా

పదిహేడేళ్లు మిలిటరీలో పనిచేసి పరమేష్ రామన్నపేట దగ్గరి తన ఊరికి వచ్చేశాడు. మనిషి వచ్చాడు గాని నాలుక ఇంకా పట్టాళంలోనే ఉంది. వంటింటిని లంగర్ అంటాడు, పిల్లల్ని అన్నానికి పిలవాలంటే ‘ఫాలిన్’ అని అరుస్తాడు. తల్లి సైదమ్మకు ఆ మాటలంటే ప్రాణం. అర్థం సగమే తెలిసినా వాడకట్టంతా వినేలా వాడేది.

“అమ్మా, ఆదివారం మనింట్ల బడాఖానా!” అన్నాడోరోజు. బడాఖానా అంటే పట్టాళంలో అందరూ కలిసి తినే పెద్ద విందు. ఆ రోజు జవాన్లు కూర్చుంటే ఆఫీసర్లే వడ్డిస్తారు.

సైదమ్మ ఉబ్బితబ్బిబ్బయింది. ఆ వెంటనే మనసు చివుక్కుమంది. అన్న కురుమయ్య వస్తాడా?

రాష్ట్రం వచ్చిన ఏడాది పరమేష్ సెలవుకు వస్తే, గొర్లు కాసే ఆ మేనమామ ఆశగా మిలిటరీ క్యాంటీన్ రమ్ము అడిగాడు. ఆ నెల కోటా అయిపోయింది. ఉత్త చేతులతో పంపలేక పరమేష్ క్యాంటీన్ గంధం సబ్బులు నాలుగు ఇచ్చాడు. “అంటే నా దగ్గర గొర్ల వాసనొస్తాందనా?” అని లేచి వెళ్లిపోయిన మనిషి మూడేళ్లుగా గడప తొక్కలేదు. సీసా అడిగితే సబ్బిచ్చే అల్లుడు ఎక్కడైనా ఉంటాడా, మీరే చెప్పండి!

సైదమ్మ ఫోన్ చేసింది. అవతల ఒకటే గొర్ల అరుపులు.

“అన్నా, ఆదివారం పరమేష్‌ది బడాఖానా! నువ్వు రాకుంటె నా పానం ఊకోదు!”

ఫోన్ తెగిపోయింది. కావాలనే పెట్టేశాడనుకుని ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది.

ఆదివారం పందిట్లో బంతి సాగుతోంది. పరమేష్ మటన్ గరిటె పట్టుకుని ఆఫీసర్‌లా తిరుగుతున్నాడు. అంతలో ఆటో ఆగింది. కొబ్బరిబోండాలు, బ్రెడ్డు, గ్లూకోజు డబ్బా పట్టుకుని కురుమయ్య దిగాడు.

“పరమేష్ ఏడే, చెల్లే? పెద్ద దవాఖాన అన్నవు గదా! నల్లగొండల వార్డు వార్డు దేవులాడిన!”

పందిరంతా ఘొల్లుమంది. పరమేష్ గరిటెతోనే సెల్యూట్ కొట్టాడు. “దవాఖాన గాదు మామా, బడాఖానా! ఫాలిన్!”

సైదమ్మ మాత్రం నవ్వలేదు. ఇంతమందిలో నవ్వులపాలయ్యాడు, మళ్లీ అలిగి వెళ్లిపోతాడేమోనని పరుగున వెళ్లి వాటేసుకుంది. గుప్పుమని గంధం వాసన!

“అన్నా, ఆ సబ్బేనా?”

“పండుగకోపారి వాడుకుంటొచ్చిన,” కురుమయ్య తల గోక్కున్నాడు. “ఇయ్యాల అల్లుని కోసమని ఆఖరుది గూడ ఒడగొట్టిన.”

పరమేష్ ఇంట్లోకి ఉరికాడు. ఓ చేత రమ్ము సీసా, ఇంకో చేత సబ్బుల డబ్బా పట్టుకొచ్చి ముందు నిలబడ్డాడు. కురుమయ్య మొదట సబ్బులే అందుకున్నాడు.