వడపోత తొట్టిలో స్పాంజి

పెద్దకోడలు పద్నాలుగేళ్లుగా మంచినీటిలో రాళ్లకీ గోడలకీ పట్టి పెరిగే స్పాంజి జీవుల మీదే పరిశోధన చేస్తోంది. ఎన్ని కాలువలు గాలించినా దొరికినవన్నీ ఎవరో ఎప్పుడో పేరు పెట్టేసినవే. చిన్నకోడలేమో నీటి సరఫరా కేంద్రంలో ఇంజనీరు. ఒక శుక్రవారం టిఫిన్ డబ్బాలో ఆకుపచ్చ ముద్ద ఒకటి తెచ్చి, "అక్కా, మా వడపోత తొట్టి గోడకి పట్టింది. నాచేనా?" అని అడిగింది.

"చూసి చెప్తాలే," అంది పెద్దావిడ. నాచు కాదని వాసనతోనే తెలిసిపోయింది.

ల్యాబులో ముద్దని యాసిడ్‌లో మరిగిస్తే, దాని ఒంటికి ఎముకల్లాంటి సన్నని గాజు సూదులు మిగిలాయి. స్పాంజి జాతకమంతా ఆ సూదుల్లోనే ఉంటుంది. మైక్రోస్కోపులో ఒక్కో సూదికి రెండు కొసలా చెరో చక్రం కనిపించింది. ఒకటి నున్నగా ఉంది, రెండోదానికి రంపపు పళ్లు. రెండురోజులు పుస్తకాలన్నీ తిరగేసింది. అలాంటిది ఎక్కడా లేదు.

సంతోషించాల్సింది పోయి ఆవిడ కడుపు భగ్గుమంది. "చిన్నది మట్టి ముట్టుకున్నా బంగారమే" అని అత్తగారు పదిమందిలో అంటుంటే ఇన్నాళ్లూ నవ్వి ఊరుకుంది. ఇప్పుడు స్పాంజి కూడా దానికేనా!

"మామూలుదే, ఎక్కడపడితే అక్కడ ఉంటుంది," అని ఆదివారం సాయంత్రం ఫోన్లో చెప్పేసి, వ్యాసం రాయడానికి కూర్చుంది. 'సేకరించినవారు' అన్నచోట తన పేరే వేసుకుంది. తీరా చూస్తే, కొత్త జాతి అని ప్రకటించాలంటే మ్యూజియంలో దాచడానికి చెక్కుచెదరని నమూనా కావాలి. తెచ్చిన ముద్ద కాస్తా యాసిడ్‌లోనే అయిపోయింది.

సోమవారం పొద్దున్నే మళ్లీ ఫోన్ చేసింది. "మీ తొట్టి ఒకసారి చూడొచ్చా? ఊరికేలే."

"మామూలుదే అన్నావుగా అక్కా! గీకించేస్తున్నాను."

పెద్దావిడ చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా పరిగెత్తింది. వెళ్లేసరికి ఖాళీ తొట్టిలో మూడు గోడలు తళతళలాడుతున్నాయి. నాలుగోదాని మూల, గొట్టం కింద, అరచేతంత పచ్చదనం మిగిలింది. పనివాడు గీకే రేకు ఎత్తాడు.

"ఆపు, ఆపు!"

చిన్నకోడలు తెల్లబోయింది. "ఏమైంది?"

"అబద్ధం చెప్పాను. అది కొత్త జాతి. నీకు దొరికిందని కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను."

చిన్నావిడ చూసిన ఆ చూపు పెద్దావిడ జన్మలో మరిచిపోలేదు. చిన్నావిడే తొట్టిలోకి నిచ్చెన దిగింది, గోరుతో అంచులు విడదీస్తూ ముద్దని చిరగకుండా ఊడదీసింది, పైకొచ్చి సీసాలో వేసింది.

"అడిగితే తొట్టంతా నీకే ఇచ్చేదాన్ని కదక్కా. ఇక కొన్నాళ్లు నాతో మాట్లాడకు."

రెండునెలలు మాటల్లేవు. వ్యాసం అచ్చయ్యాక పెద్దావిడే తీసుకెళ్లి చూపించింది. సేకరించినవారి దగ్గర చిన్నకోడలి పేరుంది. జాతికి మాత్రం ఆ రంపపు చక్రాన్ని బట్టే పేరు పెట్టింది. తోడికోడలి పేరు పెడదామని మూడుసార్లు టైపు చేసి, మూడుసార్లూ చెరిపేసింది. ఆ మాట కూడా దాచలేదు.

చిన్నావిడ కాగితం దగ్గరగా పెట్టుకుని వెతికింది. "నా పేరు ఇంత చిన్న అక్షరాల్లోనా?"

"అందరికీ అంతేనే!"

"పోనీలే. కూర్చో, టీ పెడతాను."