నూకరత్నము యంత్రమునకుఁ గఱపిన విద్య

కొండలయంచులనుండి దిగివచ్చిన నీలమేఘమాలికలు సౌధశిఖరములపై వ్రేలాడుచు రేయనక పవలనక ధారాపాతముగా వర్షించుటచే వీథులెల్ల కలుషజలపూరితములై మశకసంతతికి జన్మస్థానములై శీతజ్వరమును గృహగృహమునకుఁ బంచిపెట్టు భాద్రపదమాసమున విజయనగరమందలి యొక ప్రైవేటు ఆసుపత్రి రక్తపరీక్షాశాల ముంగిట రోగార్తజనము తడిసిన గొడుగులతో గిక్కిఱిసి నిలిచియుండెను.

ఆ శాలలో సూక్ష్మదర్శినిపైకి వంగి గాజుపలకలపైఁ బూసిన రక్తబిందువులయందు జ్వరకారకక్రిములను వెదకుచు నూకరత్నమను ల్యాబు టెక్నీషియను తన యౌవనమంతయు గడపియుండెను. భర్త గతించిన పిమ్మట కొమార్తెను నర్సింగు చదివించినదియు మంచముపట్టిన యత్తగారిని బోషించినదియు నా కొలువుతోడనే. ఆమెయొద్దఁ బనినేర్చి యామెను అక్కగా నెంచి అప్పా యని పిలుచు గవర్రాజు ప్రక్కబల్లయొద్దఁ గూర్చుండువాఁడు. ఇరువురును మధ్యాహ్నమున తమ క్యారియరులు విప్పి కూరలు మార్చుకొని తినుచుండిరి.

ఆ వానకారుననే యాజమాన్యము గాజుపలకను దానంతటఁ దానే పరీక్షించి వ్యాధిని దెలుపు యంత్రమొకదానిని దెప్పించెను. అది మొదట నేమియు నెఱుఁగదు. ఏది క్రిమియో యేది వట్టి మరకయో యనుభవజ్ఞులు దానికిఁ జూపవలయును. ఆ పని నూకరత్నమున కప్పగింపఁబడెను. ఆమె యంత్రపుఁదెర యెదుటఁ గూర్చుండి శిశువునకు అక్షరములు దిద్దించు తల్లివలె నోర్పుతో గుఱుతులు పెట్టుచుండఁగాఁ జూచుచున్న గవర్రాజు గుండెలో నానాటికి భయము పెరిగెను. ఒకనాఁడు గదిలో నెవ్వరును లేనివేళ నతఁడు దగ్గఱకువచ్చి మెల్లఁగా నిట్లనెను.

“అప్పా, తప్పు నేర్పెయ్యి. పదింట్లో రెండు తప్పు సెప్పిందంటే ఈళ్లే దాన్ని మూల నెట్టేస్తారు. మన ఉద్యోగాలు మనకుంటాయి.”

ఆ యాలోచన నూకరత్నమునకును రాకపోలేదు.

“ఆ రెండూ ఎవలిదో నెత్తురు కదరా తమ్ముడూ. యంత్రానికేటి నొప్పి? జొరమొచ్చినోడు కదా సచ్చేది.”

“మరి మనమో?”

ఆమె తెరవైపు దిరిగి తన పనిఁ జేసికొనెను. ఒక్క గుఱుతునైనను దప్పు పెట్టలేదు.

యంత్రము సిద్ధమైన దినమున శాలను పూలతోరణముల నలంకరించిరి. మేనేజరు రామభద్రరాజు నూకరత్నమును వేదికపైకిఁ బిలిచి పట్టుశాలువ కప్పి యిట్లు ప్రసంగించెను.

“ఈ యంత్రానికి గురువు నూకరత్నంగారే. ఇన్నేళ్లు కష్టపడిన గురువుకి ఇక విశ్రాంతి ఇవ్వడం మన ధర్మం.”

సభయెల్లఁ గరతాళధ్వనులతో మ్రోఁగెను. తనకు జరుగుచున్నది సన్మానము కాదనియు నుద్వాసన యనియు నామె గ్రహించునప్పటికి ఫోటోగ్రాఫరు నవ్వుమని కోరుచుండెను. ఆమె నవ్వెను. గవర్రాజునకు శాలువయైనను లేదు. మఱునాఁటినుండి రావలదని మాత్రము చెప్పిరి. ద్వారమునొద్ద నతఁ డామెను నిలిపెను.

“నీ మంచితనం మా ఇంట్లో పొయ్యి ఆర్పేసిందప్పా.”

అటుపిమ్మట నతఁ డామె గడపఁ ద్రొక్కలేదు. ఆమె యొక మందులదుకాణమునఁ బొట్లములు కట్టుపనికిఁ గుదిరెను. అతఁడు స్టీలుగిన్నెల వ్యాపారి వ్యానుతోఁ గొండసంతలు తిరుగసాగెను.

మఱుసటి వానకారున నట్లు తిరుగుచునే విషజ్వరము సోఁకి స్మృతిదప్పిన గవర్రాజును భార్య యా యాసుపత్రికే తీసికొనివచ్చెను. వార్త విని నూకరత్నము పరుగుపరుగునఁ బోవునప్పటికి గండము గడచియుండెను. వార్డు గుమ్మమునొద్ద నాతని భార్య యామెచేతులు పట్టుకొని యేడ్చెను.

“జొరం మెదడుకెక్కిపోనాదంట వదినా. ఆ యంత్రం ఇట్టే పట్టేసింది. ఇంకాస్త ఆలస్సెమైతే మడిసి దక్కడని డాట్రుబాబు సెప్పినారు.”

గవర్రాజు కన్నులు దెఱచి యామెను గుర్తించెను. శుష్కించిన పెదవులు గదలెను.

“పేనం నిలబెట్టినావప్పా. బతుకుతెరువు తీసేసినావు. ఏ మొకంతో నీకు దండం పెట్టీది?”

అని గోడవైపు మొగము దిప్పుకొనెను. నూకరత్నము తెచ్చిన బత్తాయిపండ్లు మంచముక్రింద నుంచి వెలికి వచ్చెను. రక్తపరీక్షాశాల తలుపు మూసియుండెను. అద్దములోనుండి చూడఁగాఁ బూర్వము తామిరువురు గూర్చుండిన తావున బల్లలు గాని కుర్చీలు గాని లేవు. చల్లని నిర్జనమైన యా గదిలో యంత్రము గాజుపలకల నొకదానివెంట నొకదానిని లోనికిఁ దీసికొనుచుండెను. ఆ యంత్రమను శిష్యుఁడు విద్యయం దారితేరెనన్న గురువు సంతోషము తనలో నెందైనఁ గలదేమోయని యామె వెదకుకొని కానక వానలోనికి నడచిపోయెను.

ఆ యంత్రము తప్పు చేసియుండినయెడల గవర్రాజు మరణించియుండును. తప్పు చేయకుండుటచే నతఁడు జీవించెను. జీవించినన్నాళ్లు నామెతో మరల మాటలాడలేదు.