మిగిలిన జాగా

విశ్వనాథం గళ్ళ కాగితం మీద పెన్సిలుతో అక్షరాలు నింపుతున్నాడు. అమెరికాలోని నోవై ఊళ్ళో కార్ల డాష్‌బోర్డు తెరలు తయారుచేసే కంపెనీలో ఇరవై రెండేళ్ళుగా ఆయన ఏలుతున్న సామ్రాజ్యం ఇదే: సీ అనే కంప్యూటర్ భాషలో ఒక మాట వెనుక మరొక మాటను అతికించడం. ‘వెనుక తలుపు’ ఒకటి, ‘తెరిచి ఉంది’ మరొకటి. రెండూ కలిసి కేటాయించిన గళ్ళలో ఇమడాలి. వాక్యం ముగిసిందని చెప్పే సున్నాకు చివర ఒక గడి వదలాలి. లేకుంటే అక్షరాలు పొంగి పక్కవారి జాగాలో పడతాయి. చక్రవర్తులు సరిహద్దులు దాటి కీర్తి గడించారు. మోచేతుల దగ్గర నునుపెక్కిన స్వెటర్ తొడుక్కున్న ఈయన ఒక్క అక్షరాన్నీ దాటనివ్వక గడించాడు. ఆ కీర్తి మూడో అంతస్తు దిగలేదు.

అది 2009 ఫిబ్రవరి. ఆయన పదవీ విరమణ ఆ సాయంత్రమే.

మధ్యాహ్నం, తెరలను పరీక్షించే రజిని వచ్చి నిలబడింది.

“విశ్వనాథం గారూ, స్పానిష్‌లో టెస్ట్ చేస్తుంటే స్క్రీన్ ఫ్రీజ్ అయిందండీ. కోడ్ మీదే. 2003ది.”

ఆయన చూశాడు. ఇంకెన్ని అక్షరాలు పడతాయో చెప్పవలసిన చోట, మిగిలిన జాగా కాక మొత్తం జాగా రాసి ఉంది. ఇంగ్లీషు మాటలు పొట్టివి గనుక ఆరేళ్ళు గుట్టు దాగింది. కొత్త ఉద్యోగులకు తానే పద్నాలుగు క్లాసుల్లో చేయవద్దని బోధించిన తప్పు. చెవులు వేడెక్కాయి.

మేనేజర్ శ్యామ్‌సుందర్ దయాళువు. నాలుగింటికి వీడ్కోలు కేకు వస్తుంది, నెపం అనువాదం మీద వేసేద్దాం, మచ్చలేని పేరుతో వెళ్ళండి అన్నాడు. విశ్వనాథం ఆ మచ్చలేని పేరును ఒక నిమిషం తనివితీరా ఊహించుకున్నాడు. తర్వాత ఫ్రీవే మీద డెబ్బై మైళ్ళ వేగంలో చీకటైపోయిన తెర కనిపించింది.

“రిపోర్టులో నా పేరే రాయి, శ్యామ్. కనిపెట్టింది రజిని అని కూడా రాయి.” ఆమె వైపు తిరిగాడు. “వచ్చే నెల కార్లలో షిప్ అయ్యేదమ్మా ఇది. పెద్ద గండం తప్పించావు.”

“క్లాసులో మీరు చెప్పిందేనండీ. మిగతావాళ్ళు నిద్రపోయారు, నేను విన్నాను.”

ఆయన నవ్వాడు. మొత్తంలోంచి నిండిన గళ్ళు తీసి, సున్నాకు మరొకటి తీసి, ఆ పంక్తిని సరిచేశాడు. తెర స్పానిష్ వాక్యాన్ని చివరిదాకా చూపింది. అంత తృప్తిగా ఆయన ఏ కేకూ తినలేదు.

అయిదింటికి బ్యాడ్జి అప్పగించి వెళ్ళాడు. కిటికీలోంచి రజిని చూసింది: పొద్దుటి నుంచి కురిసిన మంచులో, ఆయన కారు నిలిచినంత మేర నల్లని నేల, దాని మధ్య, కారు కప్పు మీద ఆయన మరచిపోగా జారిపడిన, మంచు దులిపే బ్రష్షు.