గోడ మీద నూనె మరక

నేను ఒక డబ్బాను. పౌడరు డబ్బాను అని పూర్తిగా చెప్పుకోవడానికి కొంచెం మొహమాటం. నా ఒంటిమీద గులాబీపూల మధ్య నవ్వుతున్న అమ్మాయి బొమ్మ ఉంది. ఆమెను చూసి నన్ను మొహానికి అద్దుకునే వస్తువనుకుంటారు. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. గుడివాడలో ఒకే ఇంట్లో ఇరవై రెండేళ్ళు గడిపాక తెలిసింది, మొహాలకు నేను ఉపయోగపడింది చాలా తక్కువని.

పలచటి రేకును చుట్టి, అంచులు మడిచి నన్ను తయారుచేశారు. లోపల నింపింది రాతిపొడి. రాళ్ళలోకెల్లా మెత్తని రాయి ఒకటుందట, గోటితో గీస్తే రాలుతుందట. దాన్ని పిండిచేసి, ఇంత సువాసన కలిపి, 'సుకుమారమైన చర్మానికి' అని నామీద అచ్చువేశారు. రాయి రాసుకుని సుకుమారంగా తయారవుదామనుకునే ప్రాణి మనిషి ఒక్కడే.

బజారులో ఒక ఫ్యాన్సీ షాపు అద్దాల బీరువాలో, రిబ్బన్లకూ పిన్నీసులకూ మధ్య కొన్నాళ్ళున్నాను. వచ్చినవాళ్ళందరూ మూత తిప్పి వాసన చూసేవారు. మాణిక్యాంబ మాత్రం చిటికెడు పొడి అరచేతిలో వేసుకుని బొటనవేలితో రుద్దింది.

"జిడ్డు పీలుస్తుందా?" అని అడిగింది.

"మొహానిదాండీ?" అన్నాడు కొట్టతను.

"ఎక్కడిదైతే నీకెందుకయ్యా? పీలుస్తుందా, పీల్చదా?"

పీలుస్తుందన్నాడు. అలా ఆ ఇంటికి వెళ్ళాను. హాల్లో గూట్లో నా చోటు.

మాణిక్యాంబ దగ్గర ఏ వస్తువూ ఒక్క పనితో సరిపెట్టుకునేది కాదు. నన్ను ఆవిడ వర్షాకాలంలో ఉబ్బి బిగుసుకున్న బీరువా సొరుగు అంచులకు రాసేది, అది చప్పుడు లేకుండా జారేది. పట్టుచీర మీద పప్పుచారు పడితే నన్ను దట్టంగా చల్లి, రాత్రంతా ఉంచి, పొద్దున్నే మెత్తని బ్రష్షుతో దులిపేది. సన్నని గొలుసు చిక్కుపడితే ముడిమీద నన్ను జల్లి రెండు సూదులతో విడదీసేది. చీమల దారికి అడ్డంగా గీత గీసేది. తలంటుకోవడానికి తీరికలేని రోజున పాపిట్లో నన్ను చల్లి దువ్వుకుంటే జిడ్డంతా నాతో వచ్చేసేది. కాటుక కారకుండా కంటికింద పలచగా అద్దమని వీధిలో ఆడపిల్లలందరికీ చెప్పింది. ఆ ఆడపిల్లల తమ్ముళ్ళు క్యారంబోర్డు మీదకి నన్ను అడుక్కుపోయేవారు. నేను ఖాళీ అయినప్పుడల్లా చెంచా కాడతో నా తల ఊడదీసి, చవకరకం పౌడరు నింపి, మళ్ళీ నొక్కేది. అందుకే ఇన్నేళ్ళున్నాను. నాతో పుట్టినవాళ్ళెవరూ ఇంతకాలం బతికి ఉండరు.

ఇంతటి మనిషికీ ఒక అలవాటుంది. ఆముదం కలిపిన కొబ్బరినూనె తలకు దండిగా పట్టించేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక హాల్లో కిటికీ పక్కన చాప పరుచుకుని, కాళ్ళు బారజాపి, వెనక గోడకు తల ఆనించి కూర్చునేది. అక్కడ గోడమీద అరచెయ్యంత నూనె మరక పడింది. ఊళ్ళో అందరి నూనె మరకలూ తీసిన మనిషి, తన మరక సంగతి ఎప్పుడూ పట్టించుకోలేదు.

పట్టించుకున్నది కోడలు హైమవతి. పెళ్ళయి వచ్చిన నెలలోనే ఆ గోడ దగ్గర ఆగిపోయింది. ఎవరూ చెప్పకుండానే నన్ను తీసి, దూదితో మరకమీద అద్ది, గంట ఆగి తుడిచింది. మరక సగం పోయింది. మర్నాడు మధ్యాహ్నానికి మళ్ళీ వచ్చింది.

"అత్తయ్యా, మళ్ళీ తల ఆనించారా? నిన్ననేగా తుడిచాను!"

"తుడిచావు గనకే ఆనించాను. మాసిన గోడకి ఎవరైనా తల ఆనిస్తారుటే?"

ఆ మాటతో మొదలైన తగువు పదకొండేళ్ళు సాగింది. హైమ నన్ను అద్దేది. ఆవిడ ఆనించేది. హైమ అక్కడ క్యాలెండరు తగిలించింది. ఆవిడ క్యాలెండరుకే ఆనుకుంది. మూడు నెలల్లో దేవుడి బొమ్మ జిడ్డోడింది. "దేవుడికి నూనె పెట్టడం పుణ్యమేనే అమ్మాయ్" అంది. పక్కింటివాళ్ళకీ చుట్టాలకీ ఆ మరక కథ తెలుసు. హైమే చెప్పేది, ముక్కు చిట్లించి. మాణిక్యాంబ కొడుకు పురుషోత్తం ఆర్టీసీ డిపోలో గుమాస్తా. ఇద్దరి మధ్యా పడకుండా పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

అలాగని వాళ్ళకి పడదనుకోకండి. హైమ సీమంతం నాడు ఉబ్బిన చేతికి గాజులెక్కక, అమ్మలక్కలందరిముందూ కళ్ళనీళ్ళు తిరిగాయి. మాణిక్యాంబ నన్ను తెచ్చి, ఆ చేతిని తన ఒళ్ళో పెట్టుకుని, మణికట్టు నుంచి వేళ్ళ దాకా పొడి పామింది. ఒక్కొక్క గాజూ నెమ్మదిగా ఎక్కించింది. ఒక్కటీ చిట్లలేదు. "గాజు మొండిది కాదే, నువ్వే బిగబట్టావు. చెయ్యి వదులు" అంది. ఆ చేతులు రెండూ నాకు బాగా గుర్తు.

కిందటేడు ఎండాకాలం మాణిక్యాంబ మంచం పట్టింది. చివరి రోజుల్లో తలకు నీళ్ళు పోయవద్దన్నారు డాక్టరు. ఒకనాడు పొద్దున హైమ ఆవిడను తన భుజానికి ఆనించుకుని, పాపిట్లో నన్ను చల్లి, పెద్దపళ్ళ దువ్వెనతో దువ్వింది. ఆ జుట్టు ఎంత తగ్గిపోయిందో నాకు అప్పుడే తెలిసింది.

"జిడ్డు పోయిందా?" అని అడిగింది మాణిక్యాంబ, కళ్ళు తెరవకుండా.

"పోయిందత్తయ్యా."

"అయితే ఇంక గోడకి ఆనుకోవచ్చన్నమాట."

హైమ నవ్వింది. దువ్వుతూనే ఉంది. తర్వాత నాలుగు రోజులకు ఆవిడ పోయింది.

అప్పటినుంచి నాతో ఎవరికీ పనిలేకపోయింది. సొరుగు బిగుసుకుంటే పురుషోత్తం బలంగా లాగేవాడు. ఎప్పుడైనా మధ్యాహ్నం హైమ నన్ను గూట్లోంచి తీసి, మూత తిప్పి, ముక్కుదగ్గర పెట్టుకుని, మూసి పెట్టేసేది. ఆ చాప ఉండే చోట ఆమె తుడిచేది గానీ కూర్చునేది కాదు. గోడమీద మరక అలాగే ఉంది. ఎదుటిగూట్లో నేను, ఆ గోడమీద అది. ఏడాదిపాటు ఒకరినొకరం చూసుకున్నాం.

సంవత్సరీకాలయిన వారానికి పురుషోత్తం చొక్కా విప్పుతూ అన్నాడు: "నాంచారయ్యని రమ్మన్నాను, ఎల్లుండి నుంచి రంగులేస్తాడు. ముందు హాలే వేయమన్నాను." గోడవైపు చూడకుండానే అన్నాడు: "ఆ మరక. పదకొండేళ్ళు నీకు కంట్లో నలుసయింది. ఇప్పటికైనా తీరుద్ది."

హైమ చేతిలో మంచినీళ్ళ గ్లాసుంది. దాన్ని అతనికిచ్చి, "సరేనండీ" అంది.

ఇంకేమనగలదు? ఊరందరి ముందూ ముక్కు చిట్లించింది తనే. ఆ మరకను తీయడానికి నన్ను ఎన్నిసార్లు ఖాళీ చేసిందో ఆమెకే తెలుసు. ఇప్పుడది ఉండాలని ఏ నోటితో అడుగుతుంది? పైగా అతను ఇది తనకోసమే చేయిస్తున్నాడు. ఆ రెండు రోజులూ ఆమె వంటింట్లోంచి హాల్లోకి వచ్చినప్పుడల్లా ఒకసారి ఆగేది. ఒకసారి దగ్గరికి వెళ్ళి, మరకమీద చెయ్యి పెట్టబోయి, చేతికి పసుపుందని చూసుకుని వెనక్కి తీసుకుంది.

పెయింటరు నాంచారయ్య పని తెలిసినవాడు. గోడమీద వేలు పెట్టి రాసి చూశాడు.

"అమ్మా, ఇది నూనె తాగిన గోడండీ. ఇట్టాగే డిస్టెంపరు కొడితే నిలవదు, ఎండలకి మళ్ళీ పైకి తేలుద్ది. ముందు పౌడరు దట్టంగా అద్ది, పాత పేపరు పెట్టి ఇస్త్రీపెట్టెతో కాస్తే లాగేసుద్ది. ఇంట్లో పౌడరేమన్నా ఉందాండీ?"

హైమ గూటివైపు వచ్చింది. నన్ను తీసింది. నాలో గుప్పెడు పైనే ఉంది. నేను సిద్ధంగానే ఉన్నాను. నా బతుకంతా నేర్చుకున్న విద్య అదే. అన్ని మరకలు తాగాను, దీన్ని తాగలేనా?

ఆమె నన్ను కదపలేదు. రెండు చేతుల మధ్య గట్టిగా, చప్పుడు కాకుండా పట్టుకుంది.

"అయిపోయింది నాంచారయ్యా" అంది.

"పోనీ కొట్టుకెళ్ళి తెస్తానండీ, ఎంతసేపు?"

"వద్దులే. ఇట్లాగే వేసెయ్."

"మళ్ళీ తేలుద్దమ్మా. తర్వాత నన్ననకండి."

"అననులే."

సాయంత్రం పురుషోత్తం రాగానే అడిగాడు: "నాంచారయ్య కనపడ్డాడు. పౌడరు అయిపోయిందన్నావట? చెబితే తెచ్చేవాణ్ణిగా."

"ఫర్వాలేదు లెండి. బాగానే వచ్చింది" అంది హైమ.

బాగానే వచ్చింది. గోడ లేత పసుపురంగులో ఎక్కడా మచ్చలేకుండా ఉంది. ఇల్లు చూసిన వాళ్ళందరూ మెచ్చుకున్నారు. హైమ మాత్రం మర్నాటి మధ్యాహ్నం నుంచి ఒక కొత్త అలవాటు చేసుకుంది. పనంతా అయ్యాక నా గూటికింద నేలమీద కూర్చుని ఎదుటిగోడను చూసేది. నాంచారయ్య తేలుద్దన్నాడు. ఎప్పుడో చెప్పలేదు. ఆమె కిటికీ రెక్కలు తెరిచి పెట్టేది, గోడమీద ఎండ పడాలని. పొద్దు వాలి ఎండ గడప దాటేదాకా చూసి లేచేది. మరకలు పోవాలని ఎదురుచూసిన వాళ్ళను నేను చాలామందిని చూశాను. రావాలని ఎదురుచూసిన మనిషిని ఈమెనే చూశాను.

రోహిణి ఎండలు వచ్చాయి. నలభై రోజులయింది. ఒకనాడు ఆ పసుపుమీద బొటనవేలి ముద్రంత తడి కనిపించింది. హైమ దగ్గరికి వెళ్ళి వేలు పెట్టింది. వేలు జారింది. ఆ వేలిని చాలాసేపు కొంగుకు తుడుచుకోలేదు. వారం తిరిగేసరికి అది అరచెయ్యంతయింది. సరిగ్గా అదే ఎత్తున.

ఆ ఆదివారం పురుషోత్తం వీపంతా చెమటకాయలతో, కొత్త పౌడరు డబ్బా ఏదైనా ఉందేమోనని గూటిలో చెయ్యి పెట్టాడు. దొరికింది నేను. ఖాళీదే కదా అని పక్కన పెట్టబోయాడు. నాలోని పొడి కదిలింది. అతను ఆగి, నన్ను చెవిదగ్గర పెట్టుకుని ఊపాడు.

"ఇందులో పౌడరుందే" అన్నాడు.

హైమ బియ్యం ఏరుతూ ఉంది. తలెత్తలేదు.

అతను నన్ను చూశాడు. ఏడాది తర్వాత మొదటిసారి ఆ గోడను చూశాడు. చాలాసేపు చూశాడు. నన్ను మళ్ళీ గూట్లో పెట్టాడు, వీపుకు రాసుకోకుండానే.

"నీకు చిరాకనుకున్నాను" అన్నాడు.

"చిరాకేనండీ" అంది హైమ.

అతను వెళ్ళి కిటికీ పక్కన అమ్మ చాప పరుచుకుని కూర్చున్నాడు. కాళ్ళు బారజాపి, వెనక్కి వాలి, కళ్ళు మూసుకున్నాడు. ఆ ఉదయమే తలకు నూనె పెట్టుకున్నాడు.

"గోడకి తల ఆనించకండి, జిడ్డు..." అనేసింది హైమ. సగంలో ఆగిపోయింది. పదకొండేళ్ళు చెప్పిన మాట, ఎవరికో చూసుకోకుండా నోట్లోంచి వచ్చేసింది.

అతను కదల్లేదు. ఆమె రెండోసారి చెప్పలేదు. చేట పక్కన పెట్టి, కొంగుతో కళ్ళు ఒత్తుకుని, వెళ్ళి అతని పక్కన చాప చివర కూర్చుంది.

ఇప్పుడు నా పొడి తేమకు గడ్డకట్టింది. ఊపినా చప్పుడు రాదు. పురుషోత్తం వీపుకు కొత్త పౌడరు వచ్చింది, ప్లాస్టిక్ డబ్బాలో. అది చీమలకూ పనికిరాదని హైమ అంటూంటుంది. ఏ మరకనూ తాగకుండా కూర్చోవడం నాకింకా అలవాటు కాలేదు. మూత తిప్పి వాసన చూడటం మాత్రం ఆమె మానలేదు.

ఎదుటి గోడమీద ఇప్పుడు రెండు మరకలున్నాయి. ఒకటి పాతది. రెండోది దానికి జానెడు పైన, మాణిక్యాంబ కంటే ఆవిడ కొడుకు ఎంత పొడవో అంత పైన. హైమ రోజూ గోలపెడుతుంది. నావైపు మాత్రం చెయ్యి చాపదు.